అవగాహన సదస్సులు పెడితే అడవి జంతువుల మీద జనం మనసు మారుతుందా?

ప్రశ్న అడిగినవారు ఎంఎస్సీ విద్యార్థి. నంద్యాల జిల్లాలో నల్లమల అంచు పల్లెల్లో జనం అడవి జంతువుల గురించి ఏమనుకుంటున్నారో సర్వే చేస్తున్నారు. మొదట పరీక్షగా అడిగినవాళ్లలో దాదాపు అందరూ "జంతువుల్ని కాపాడాల్సిందే" అన్నారట. వారం తిరక్కుండా అదే ఊరి చేలగట్ల మీద పంది ఉచ్చులు కనబడ్డాయట. వాళ్లు అబద్ధం చెప్పారా, అవగాహన లేకా, సదస్సులు పెడితే మారతారా అని అడుగుతున్నారు.

సూటిగా చెప్తాను. వాళ్లు అబద్ధం చెప్పలేదు. అవగాహన లేకపోవడమూ కాదు. సదస్సులతో మారేది చాలా తక్కువ. నష్టం ఎవరి నెత్తిన పడుతోంది, నిర్ణయం ఎవరి చేతిలో ఉంది? ఈ రెండూ కదిలితేనే జనం మనసు కదులుతుంది. జంతువు మీద కోపం అని మనం రిపోర్టుల్లో రాసుకునేది చాలాసార్లు ఆఫీసు మీద కోపం.

నేను ఇరవై రెండేళ్లుగా స్వచ్ఛంద సంస్థల తరఫున ఈ సర్వేలే చేస్తున్నాను. మొదట్లో ఆత్మకూరు, నందికొట్కూరు వైపు, తర్వాత ఆసిఫాబాద్ వైపు. మొదటి అయిదేళ్లు నేను కూడా సదస్సులే పెట్టాను. ఫ్లెక్సీలు, పిల్లలకు పులి మాస్కులు, పెద్దలకు క్విజ్, చివర్లో పులిహోర పొట్లం. ఆ రోజుల్లో ఒక ఊళ్లో క్విజ్ పెడితే ఒక కౌలు రైతు అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పి ఫస్ట్ ప్రైజు కొట్టాడు. స్టీలు క్యాన్ ఇచ్చాం. పంది నేలను తవ్వితే విత్తనాలు మొలుస్తాయన్న సంగతి కూడా ఆయనే చెప్పాడు, నేను చెప్పకముందే.

రెండేళ్ల తర్వాత ఆయన చేలోనే ఉచ్చు చూశాను.

అడిగితే దాచలేదు. రెండెకరాలు మొక్కజొన్న వేశాడు. కంకి పాలు పోసుకునే దశలో పందులు పడ్డాయి. పంది తినేదానికంటే పడగొట్టేది ఎక్కువ, అది మీకూ తెలిసే ఉంటుంది. అప్పటిదాకా ఆయన చేయని పని లేదు. చేను చుట్టూ పాత చీరలు కట్టాడు, డబ్బా మోగించాడు, టపాకాయలు కాల్చాడు, మంచె కట్టుకుని రాత్రుళ్లు కాపలా ఉన్నాడు. పంట పోయాక ఫోటోలు తీసుకుని దరఖాస్తు పెట్టాడు. పొలం ఎవరి పేరున ఉందని అడిగారు. పట్టాదారు కర్నూల్లో ఉంటాడు. అడంగల్ ఆయన పేరున, పాస్‌బుక్ ఆయన పేరున. తిరగ్గా తిరగ్గా పరిహారం మంజూరైంది, అదీ పట్టాదారు ఖాతాలో పడింది. అప్పటికి ఇంకో పంట కూడా అయిపోయింది. ఇంత చెప్పి ఆయనన్న మాట నా నోట్‌బుక్కులో ఇప్పటికీ ఉంది: "పందిది ఆకలి సార్, దాన్నేమనుకుంటాం. నన్ను తిప్పినోళ్లకు ఏమైంది?"

ఆయన దగ్గర లేనిది అవగాహన కాదు, కాగితం. నేను చూసిన కేసుల్లో కౌలు రైతు పరిస్థితి ఎక్కువగా ఇంతే. నష్టపోయేది సాగు చేసేవాడు, పరిహారం అందేది పేరున్నవాడు. మీ సర్వేలో సొంత పొలమా, కౌలా అన్న ప్రశ్న లేకపోతే మిగతా ప్రశ్నలన్నీ ఉన్నా ఆ నివేదిక కుంటిదే.

ఇక చట్టం సంగతి. పల్లెల్లో "సర్కారు పంది" అనే మాట వింటారు. వెటకారంగా అంటారు గానీ దాని వెనక లెక్క ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. 2022లో దాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చట్టం జంతువుల్ని రక్షణను బట్టి షెడ్యూళ్లుగా, అంటే జాబితాలుగా, విడదీస్తుంది; మొదటిదానికి రక్షణ ఎక్కువ. అంతకుముందు మూడో షెడ్యూల్లో ఉన్న అడవి పంది ఇప్పుడు రెండో షెడ్యూల్లో ఉంది. రెండో షెడ్యూల్ జంతువు మనిషి ప్రాణానికో, పంటతో సహా ఆస్తికో ప్రమాదంగా మారితే 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ చంపడానికి అనుమతి ఇవ్వవచ్చు. కృష్ణజింక, నెమలి మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. వాటి విషయంలో పంట నష్టం కారణంగా చెల్లదు. మనిషి ప్రాణానికి ప్రమాదమైతేనో, బాగుపడనంతగా గాయపడితేనో, జబ్బు చేస్తేనో తప్ప అనుమతి ఉండదు. అంటే ఒకే చేలో ఒకే రాత్రి పడిన పందికి ఒక రూలు, జింకకు ఇంకో రూలు. రైతుకు రెండూ శనగ మొక్క తినేవే. "జింక వీఐపీ సార్" అన్నాడొకాయన. ఈ తేడాకు శాస్త్రీయ కారణాలున్నాయి, నేను కాదనను. కానీ ఆ కారణం ఆయనకు ఎవరూ చెప్పరు, కేసు పెట్టేటప్పుడు మాత్రం సెక్షన్ నంబరు చెప్తారు.

కోపం ఒకదాని మీద పుట్టి ఇంకోదాని మీద పడటానికి మీరు పనిచేసే ప్రాంతంలోనే పాత ఉదాహరణ ఉంది: రోళ్లపాడు. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఆ పిట్టకు కావాల్సింది గడ్డినేల, చుట్టూ వర్షాధారం జొన్న, కొర్ర, వేరుశనగ చేలు. క్రమంగా సాగునీరు వచ్చింది, పంటలు మారాయి, గడ్డినేల తగ్గింది. రక్షణ దొరికిన కృష్ణజింకలు పెరిగి చేల మీద పడ్డాయి. రైతు కోపమంతా జింక మీద, జింక మీది కోపం అభయారణ్యం మీద. బట్టమేక పిట్ట ఎవరి చేనూ పాడుచేయలేదు, అది తినేది ఎక్కువగా మిడతలూ పురుగులూ. అయినా అభయారణ్యం దాని పేరున ఉంది కాబట్టి నింద దాని మీదే పడింది. ఇప్పుడక్కడ జింకలున్నాయి, తోడేళ్లున్నాయి, బట్టమేక పిట్ట కనిపించి ఏళ్లయింది. మధ్యప్రదేశ్‌లోని కరేరాలో ఇంతకంటే అన్యాయం. 1981లో అక్కడ కూడా ఇదే పిట్ట కోసం అభయారణ్యం పెట్టి రైతుల పట్టా భూముల్ని అందులో కలిపేశారు. ఏళ్ల తరబడి భూమి అమ్ముకోవడానికి లేకపోయింది, కొనడానికి లేకపోయింది. కూతురి పెళ్లికి ఎకరం అమ్ముకోలేని తండ్రికి ఆ పిట్ట మీద ప్రేమ ఎలా ఉంటుంది? అక్కడా పిట్ట పోయింది.

దీనికి సరిగ్గా ఎదురుగా కడప జిల్లాలో కలివికోడి కథ ఉంది. అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986లో మళ్లీ దొరికింది. వెతికింది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు, దొరకబుచ్చుకుంది మాత్రం ఒక స్థానిక పిట్టల వేటగాడి సాయంతో. మన లెక్క ప్రకారం "అవగాహన కల్పించాల్సిన" మనిషి ఆయనే.

"వన్యప్రాణి" అని గుంపుగా అడగకండి, ఒక్కో జంతువు గురించి విడిగా అడగండి. పల్లెలో ఆ మాట ఎవరూ వాడరు. విన్నా వాళ్ల మనసులో మెదిలేది పోస్టర్ మీద పులి బొమ్మ. అందుకే "కాపాడాలి" అనేస్తారు. పులిని వాళ్లు చూసి ఎన్నేళ్లయిందో! పంది, కోతి, జింక, నెమలి, ఎలుగు, పాము అని విడివిడిగా అడిగితే జవాబులు మారిపోతాయి. కోతికి శనివారం గుడి దగ్గర అరటిపండు పెట్టే మనిషే ఆదివారం చేలో వడిసెల తిప్పుతాడు. తెలంగాణలో కోతుల బాధకు కూరగాయలు, వేరుశనగ వేయడమే మానుకున్న రైతుల్ని నేను చూశాను. 2020లో నిర్మల్ దగ్గర కోతుల పునరావాస కేంద్రం పెట్టాల్సి వచ్చిందంటే ఊరికే కాదు.

అమెరికాలో మాన్‌ఫ్రెడో, టీల్ బృందం 2018లో ఒక పెద్ద సర్వే నివేదిక ఇచ్చింది, మీ గైడ్ చదవమని చెప్పే ఉంటారు. వాళ్లు జనాన్ని నాలుగు రకాలుగా విడదీశారు: జంతువులు మనిషి అవసరం కోసమే అనేవాళ్లు, జంతువులూ మనలాంటివే అనేవాళ్లు, సందర్భాన్ని బట్టి రెండూ అనేవాళ్లు, ఈ గొడవే పట్టనివాళ్లు. పద్ధతి మంచిదే. కానీ ఆ ప్రశ్నల్ని తెలుగులోకి దించి మన పల్లెలో అడిగితే నవ్వులపాలవుతారు. అందులో సరదా వేట గురించి అడుగుతారు, మనకది చట్టరీత్యా నేరం. పైగా మా రైతు పొద్దున గుడి దగ్గర ఒక రకం, మధ్యాహ్నం చేలో ఇంకో రకం, రాత్రి మంచె మీద మూడో రకం. ఏ గడిలో టిక్కు పెడతారు? మీరు ఏ పూట అడిగారన్నదే మీ ఫలితం. కంకి దశలో అడిగితే ఒక జవాబు, కోతలై గింజలు ఇంటికొచ్చాక అడిగితే ఇంకొకటి. వీలైతే రెండుసార్లు వెళ్లండి.

మాటల సంగతి కూడా చెప్పాలి. ఒకసారి మా సంస్థవాళ్లు "మానవ, వన్యప్రాణి సహజీవనం" అని బ్యానర్ కట్టారు. ఊళ్లో కుర్రాళ్లు రెండు రోజులు దాని ముందు సెల్ఫీలు దిగారు. సహజీవనం అంటే పేపర్లో, టీవీలో ఏ అర్థంలో వాడతారో మాకు ఆలస్యంగా గుర్తొచ్చింది. అప్పట్నుంచి "పక్కపక్కన బతకడం" అంటున్నాను.

సదస్సు అవసరం లేకుండానే జనం కాపాడుతున్న చోట్లు కూడా చూడండి. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు, గుంటూరు పక్కన ఉప్పలపాడు, టెక్కలి దగ్గర తేలినీలాపురం. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరికి ఆనుకునే గూళ్లు కడతాయి. నేలపట్టులో రైతుల మాట: పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పారితే పొలానికి ఎరువు వేసినట్టే. తేలినీలాపురంలో పక్షులు రాకపోతే ఊరికి అరిష్టమని భావిస్తారు. భక్తి ఒకవైపు, లెక్క ఒకవైపు. ఆ పక్షి చేను తినదు, ఇంకా ఎరువు ఇస్తుంది. కాపాడాలన్న నిర్ణయం ఊరిది, పైనుంచి వచ్చింది కాదు.

అయితే దీన్ని మరీ అందంగా ఊహించుకోకండి. అదే గూడబాతు కొల్లేరు పక్క చేపల చెరువు మీద వాలితే దొంగ. కొల్లేరును అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) దాకా, 308 చదరపు కిలోమీటర్లు, 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ తర్వాత అక్కడి జనాన్ని "పక్షులు కావాలా?" అంటే కావాలనే అంటారు. "అయిదో కాంటూరు ఉండాలా?" అంటే గొడవ మొదలవుతుంది. ఈ రెండు ప్రశ్నల్ని కలిపి ఒకటిగా అడిగిన సర్వేలు నేను చదివాను. జనం మాట మీద నిలబడరని తేల్చేశారు వాళ్లు. నిలబడనిది జనం కాదు, ఆ ప్రశ్నే.

ఆసిఫాబాద్ వైపు వెళ్లాక ఇది ఇంకా బాగా అర్థమైంది. మహారాష్ట్ర నుంచి పులులు ప్రాణహిత దాటి వస్తుంటాయి. 2020 నవంబరులో పులి దాడుల్లో ఇద్దరు చనిపోయారు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో విషం పెట్టిన పశువు కళేబరం తిని పులి చనిపోయింది. ఇవి చదివితే అక్కడివాళ్లకు పులంటే పగ అనుకుంటాం. కానీ 2025లో పులులు తిరిగే అడవిని కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించే జీవో 49 వచ్చినప్పుడు ఆదివాసీలు వీధికెక్కింది పులి వద్దని కాదు. పోడు భూమి ఏమవుతుంది, పశువుల్ని ఎక్కడ మేపాలి, తునికాకుకు, ఇప్పపువ్వుకు పోనిస్తారా అని. చివరికి ప్రభుత్వం జీవోను నిలిపేసింది. "పులి మా తాతల కాలం నుంచి ఉంది, జీవోనే కొత్తగా వచ్చింది" అన్నాడొక పెద్దాయన. వెదురు, తునికాకు రాబడిలో ఊరికి వాటా దక్కినన్నాళ్లు వన సంరక్షణ సమితులు రాత్రుళ్లు అడవికి కాపలా కాసిన ఊళ్లు నాకు తెలుసు. వాటా ఆగాక కాపలా కూడా ఆగింది. అక్కడ ఎవరి జ్ఞానమూ తగ్గలేదు మరి.

ఈ మధ్య పట్నంవాళ్ల ప్రేమ గురించి కూడా అడుగుతున్నారు. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని, 2025లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి 400 ఎకరాల చెట్లు కొట్టొద్దని జనం కదిలారు. ఆ ఏడాది ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. నేను సంతోషించాను, అబద్ధం చెప్పను. కానీ ఆ ప్రేమకు రాత్రి కాపలా లేదు. కంచలో నెమలి కోసం పోస్ట్ పెట్టినాయన ఒక్క వారం వేరుశనగ చేలో నెమళ్లను తోలితే ఎలా మాట్లాడతాడో చూడాలని నాకు ఉంటుంది. ఇది కాస్త అన్యాయమైన మాటే, తెలుసు.

మరి మారనే మారరా అంటే, మారతారు, ఒక్కోసారి ఆశ్చర్యపోయేంత తొందరగా. 2012లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర అమూర్ డేగల్ని వలలేసి వేల సంఖ్యలో చంపారు. మరుసటి ఏడాది అక్కడ వేట ఆగిపోయింది. ప్రచారం జరిగింది, నిజమే. కానీ నిషేధం పెట్టింది ఊరి కౌన్సిళ్లు, చర్చిలో పాస్టర్లు చెప్పారు, జరిమానా వేసేది ఊరివాళ్లే. బయటివాడు వచ్చి చెప్పి వెళ్లిపోయిన సదస్సు కాదది.

ఇక మీ సర్వేకు పనికొచ్చేవి కొన్ని.

అభిప్రాయం కంటే ముందు అనుభవం అడగండి. పోయిన పంటకు ఎన్ని రాత్రులు కాపలా ఉన్నారు? ఇంట్లో ఎవరు ఉన్నారు? నష్టం ఎవరికి చెప్పారు? ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగారు? ఎన్నాళ్లకు డబ్బు వచ్చింది, ఎవరి ఖాతాలో? "కాపాడాలా వద్దా" అన్న ప్రశ్నను తీసేయకండి, చివర పెట్టండి. ముందు పెడితే మర్యాద కోసం జవాబు చెప్తారు.

బీట్ ఆఫీసర్ జీపులో దిగకండి. అనుమతి తీసుకోండి, సమాచారం ఇవ్వండి, కానీ ఊళ్లోకి బస్సులోనో ఆటోలోనో వెళ్లండి. ఒకసారి నేను శాఖ బండిలో వెళ్లిన ఊళ్లో పందులే లేవన్నారు. చేలన్నీ తవ్వి ఉన్నాయి.

ఆడవాళ్లను విడిగా అడగండి. పంది సంగతి మగవాళ్లు చెప్తారు. ఎలుగుబంటి సంగతి ఆడవాళ్లకు తెలుస్తుంది, ఎందుకంటే తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లేది వాళ్లే, ఆ పువ్వు కోసం ఎలుగు వచ్చేదీ అప్పుడే. రచ్చబండ దగ్గర మాత్రమే అడిగితే ఈ భయం మీ కాగితంలోకి రాదు.

చివరిది కష్టమైనది. ఉచ్చు చూశానన్నారు, ఏం చేశారో రాయలేదు. ఎవరి చేలో చూశారో ఆఫీసులో చెప్తే ఆ ఊళ్లో మళ్లీ మీతో ఎవరూ నోరు విప్పరు. చెప్పకపోతే రేపు అందులో చిరుతో, మేకలు కాసుకునే పిల్లాడో పడవచ్చు. నేను పాటించేది ఇది: తీగ ఉచ్చు అయితే ఆ రైతుతోనే కూర్చుని మాట్లాడి తీయించే ప్రయత్నం చేస్తాను, పేరు ఎక్కడా రాయను. కరెంటు తీగ అయితే ఆగను, ఆ రోజే లైన్‌మన్‌కు చెప్పి సప్లై ఆపిస్తాను, ఊరికి కూడా ముందే చెప్తాను ఆ ఒక్కటి మాత్రం దాచనని. సర్వే మొదటి రోజే ఈ మాట చెప్పేయండి. నేను మొదట్లో చెప్పకుండా ఒకసారి ఫోన్ చేశాను. స్టీలు క్యాన్ గెలిచినాయన ఊళ్లోనే. ఇప్పటికీ అక్కడ నాకు టీ పోస్తారు, పందుల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.